సున్నా లోడ్ చూపిన మూడు యంత్రాలు: లోడ్ యావరేజ్ చదివే పోర్టబుల్ సీ కోడ్‌పై ఒక కేస్ స్టడీ

అనేక యంత్రాల మధ్య పనులను పంచే ఒక వ్యవస్థను కొన్నేళ్లపాటు మా బృందం చూసుకునేది. ప్రతి యంత్రంలోనూ సీ భాషలో రాసిన చిన్న ఏజెంట్ నడుస్తూ, పదిహేను సెకన్లకు ఒకసారి ఆ యంత్రపు లోడ్ యావరేజ్ (స్థూలంగా, నడవడానికి సిద్ధంగా ఉన్న పనుల సంఖ్యకు గత ఒకటి, అయిదు, పదిహేను నిమిషాల సగటు) విలువలు మూడింటినీ పనులు పంచే డిస్పాచర్‌కు పంపేది. డిస్పాచర్ వాటిలో అయిదు నిమిషాల సగటును తీసుకుని, సీపీయూల సంఖ్యతో భాగించి, ఫలితం అన్నిటికంటే తక్కువగా వచ్చిన యంత్రానికి తర్వాతి పనిని అప్పగించేది. ఒక నిమిషపు సగటు మరీ ఎగిరెగిరి పడుతుందనీ, పదిహేను నిమిషాలది మరీ ఆలస్యంగా కదులుతుందనీ అనుకుని నడిమిదాన్ని ఎంచుకున్నాం. ఈ వివరం చిన్నదే అయినా కథంతా దాని మీదే తిరుగుతుంది.

ఒక రోజు మూడు యంత్రాల మీద పనులు కుప్పలుగా పడ్డాయి. మిగతా యంత్రాలు ఖాళీగా ఉన్నా డిస్పాచర్ వాటి వంక చూడటం లేదు. తెర మీద మేము చూసేది ఒక నిమిషపు సగటును మాత్రమే. అందులో ఆ మూడు యంత్రాల లోడ్ 40కి అటూఇటుగా స్పష్టంగానే కనబడుతోంది. కళ్ల ముందు అంత లోడ్ కనబడుతున్నా పనులు అక్కడికే వెళుతున్నాయంటే తప్పు డిస్పాచర్‌లోనే ఉండి ఉంటుందని నమ్మి, మొదటి రోజంతా దాని కోడ్‌లోనే వెతికాం. సాయంత్రం ఒక సహోద్యోగి తెర వంక కాసేపు చూసి, "ఈ మూడింటికే చుక్క తర్వాత ఎప్పుడూ సున్నాలే వస్తున్నాయి, గమనించారా?" అని అడిగారు. చూస్తే నిజమే. మిగతా యంత్రాలు 3.47 అనో 0.82 అనో చూపిస్తుంటే, ఇవి 41.00, 38.00, 44.00 అని మాత్రమే చూపిస్తున్నాయి. డిస్పాచర్‌కు అందిన సందేశాన్ని విప్పి చూస్తే అయిదు నిమిషాల విలువా, పదిహేను నిమిషాల విలువా రెండూ 0.00.

పాత కోడ్ చేసిందేమిటి

లినక్స్‌లో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) తన సమాచారాన్ని ఫైళ్లలా చూపే ప్రాక్ డైరెక్టరీ కింద ఉండే లోడ్‌ఏవీజీ ఫైలులో ఒకే వరుస ఉంటుంది. ఉదాహరణకు అది "41.37 38.90 30.22 44/612 18233" అని ఉందనుకుందాం. మొదటి మూడూ సగటులు. నాలుగోదానిలో గీతకు ముందున్నది ఆ క్షణాన నడవడానికి సిద్ధంగా ఉన్న టాస్కుల సంఖ్య, తర్వాతది మొత్తం టాస్కుల సంఖ్య. చివరిది అన్నిటికంటే తాజాగా పుట్టిన ప్రాసెస్ నంబరు. మా పాత కోడ్ మూడు డబుల్ (దశాంశ సంఖ్యలను పట్టే రకం) విలువల అర్రేను సున్నాలతో నింపి, ఫైలు తెరిచి, ఎఫ్‌స్కాన్‌ఎఫ్ ఫంక్షన్‌తో మూడు దశాంశ సంఖ్యలను చదివి, ఫైలు మూసేసేది. ఎన్ని సంఖ్యలు చదవగలిగిందో ఆ ఫంక్షన్ తిరిగి చెబుతుంది, కానీ ఆ మాట వినేవారు ఎవరూ లేరు.

ఎఫ్‌స్కాన్‌ఎఫ్ దశాంశ సంఖ్యను లొకేల్ (భాష, దేశాన్ని బట్టి సంఖ్యలు, తేదీలు రాసే పద్ధతి) ప్రకారం చదువుతుంది. జర్మన్ లొకేల్‌లో దశాంశానికి గుర్తు కామా, చుక్క కాదు. కాబట్టి అక్కడ 41.37 అనే రాతలో 41 వరకే సంఖ్య. చుక్క దగ్గర చదవడం ఆగిపోతుంది. రెండో సంఖ్యను వెతుక్కునేసరికి ఎదురయ్యేది ఆ మిగిలిపోయిన చుక్కే. ఆ లొకేల్‌లో చుక్కతో సంఖ్య మొదలు కాదు గనుక ఫంక్షన్ అక్కడే విరమించుకుని 1 అని తిరిగి చెబుతుంది. అర్రేలో 41, 0, 0 మిగులుతాయి. అర్రేను ముందుగా సున్నాలతో నింపడం మంచి అలవాటనే అందరం నేర్చుకున్నాం. ఇక్కడ ఆ మంచి అలవాటే తప్పును నిజమైన కొలతలా అలంకరించి పంపింది. నింపకుండా వదిలేసి ఉంటే ఏదో పిచ్చి సంఖ్య వచ్చి, మొదటి గంటలోనే పట్టుబడేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

అయితే ఈ కోడ్ ఏళ్ల తరబడి సరిగానే నడిచింది కదా? సీ ప్రోగ్రాము ఎప్పుడూ "సీ" అనే తటస్థ లొకేల్‌లోనే మొదలవుతుంది. ప్రోగ్రాము తానుగా సెట్‌లొకేల్‌ను పిలిస్తేనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో (ప్రోగ్రాముకు బయటి నుంచి అందే అమరికల్లో) ఉన్న లొకేల్ అమల్లోకి వస్తుంది. తాజా విడుదలలో సందేశాలను అనువదించే సదుపాయం చేర్చినప్పుడు ఆ పిలుపు కూడా వచ్చి చేరింది. అయినా అన్ని యంత్రాలూ ఎందుకు చెడలేదంటే, మా అమరికలో యంత్రం బూట్ అయినప్పుడు లేచిన ఏజెంట్‌కు లొకేల్ వేరియబుల్స్ ఏవీ అందవు. ఆ మూడు యంత్రాల్లో మాత్రం ఏజెంట్‌ను ఒక సహోద్యోగి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి యంత్రంలోకి లాగిన్ అయ్యే సాధనం) ద్వారా లోపలికి వెళ్లి చేత్తో తిరిగి మొదలుపెట్టారు. ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ తన వైపున్న లొకేల్ వేరియబుల్స్‌ను అవతలి యంత్రానికి పంపేలా అమర్చి ఉండటం చాలా చోట్ల మామూలే. ఆయన ల్యాప్‌టాప్ జర్మన్ లొకేల్‌లో ఉంది. అదే ఏజెంట్‌కు వారసత్వంగా దక్కింది. మళ్లీ బూట్ చేసి ఉంటే రోగం కనబడకుండా పోయేది; కారణం మాత్రం అలాగే ఉండిపోయేది.

బాగు చేసే దారులు

మొదట తట్టిన ఉపాయం, చదివే ముందు లొకేల్‌ను "సీ"కి మార్చి, చదివాక తిరిగి మామూలుకు తేవడం. దీన్ని వెంటనే పక్కన పెట్టాం. సెట్‌లొకేల్ మార్పు మొత్తం ప్రాసెస్‌కు వర్తిస్తుంది. అదే క్షణంలో మరో థ్రెడ్ ఏదైనా సంఖ్యను ముద్రిస్తుంటే దాని రూపం మారిపోతుంది. థ్రెడ్ వరకే పరిమితమయ్యే యూజ్‌లొకేల్ 2008 పోసిక్స్‌లో (యునిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణంలో) ఉంది గానీ, మేము కంపైల్ చేయవలసిన పాత వ్యవస్థలన్నిటిలో దొరకదు.

రెండో ఉపాయం నాకు నచ్చింది. ఆ ఫైలులో కెర్నల్ ఎప్పుడూ పూర్ణాంక భాగం, చుక్క, రెండంకెలు అనే రూపంలోనే రాస్తుంది. కాబట్టి దశాంశ సంఖ్యగా చదవడం మానేసి, ఒక పూర్ణాంకం, ఒక చుక్క, ఇంకో పూర్ణాంకం అని విడివిడిగా చదివి, రెండోదాన్ని నూరుతో భాగించి కలిపితే లొకేల్ ఊసే రాదు. ఇక్కడొక చిన్న గుంట ఉంది, నేనే అందులో పడ్డాను. పూర్ణాంకాన్ని చదవడానికి సంఖ్యామానాన్ని తానే ఊహించే ఐ అక్షరపు ఫార్మాట్ వాడితే, సున్నాతో మొదలయ్యే 08ని అది ఆక్టల్ (0 నుంచి 7 వరకే అంకెలుండే సంఖ్యామానం) అనుకుంటుంది. ఆక్టల్‌లో 8 లేదు గనుక సున్నా దగ్గరే ఆగిపోతుంది, తర్వాతి విలువ మళ్లీ చదవబడదు. లోడ్ 2.08 లాంటిది అయినప్పుడు మాత్రమే చెడి, 2.18కి బాగుండే తప్పును పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించవచ్చు. దశాంశమానాన్ని ఖాయం చేసే యూ అక్షరపు ఫార్మాట్ వాడాలి.

మూడోది, అసలు మొదటి నుంచీ వాడవలసినది, గెట్‌లోడ్‌ఏవీజీ అనే లైబ్రరీ ఫంక్షన్. ఇది 4.3బీఎస్‌డీ రీనోలో వచ్చింది; ఈనాటి బీఎస్‌డీలన్నిటిలో, మాక్‌ఓఎస్‌లో, సొలారిస్‌లో, 2.2 నుంచి గ్లిబ్‌సీలో (లినక్స్‌లో మామూలుగా వాడే సీ లైబ్రరీలో) ఉంది. డబుల్ అర్రేను, ఎన్ని విలువలు కావాలో ఆ సంఖ్యను ఇస్తే, నింపగలిగినన్ని నింపి, ఎన్ని నింపిందో చెబుతుంది. కుదరకపోతే మైనస్ 1 చెబుతుంది. గ్లిబ్‌సీ లోపల చేసేది కూడా అదే ప్రాక్ ఫైలును చదవడమే, కాకపోతే సంఖ్యలను "సీ" లొకేల్‌లోనే చదివేలా జాగ్రత్తపడుతుంది. మేము చేసిన తప్పును వారు ముందే ఊహించారన్నమాట.

ఈ ఫంక్షన్ లేని రోజుల్లో పరిస్థితి ఎలా ఉండేదో మా కోడ్‌లోనే ఒక మూల మిగిలి ఉంది. కెర్నల్ బైనరీలో ఏవెన్‌రన్ అనే గుర్తు ఏ చిరునామాలో ఉందో వెతికి, కెర్నల్ జ్ఞాపకాన్ని చూపే కేమెమ్ పరికరాన్ని తెరిచి, ఆ చిరునామా నుంచి మూడు సంఖ్యలు నేరుగా చదివేవారు. అందుకు ప్రోగ్రామును ప్రత్యేక గ్రూపు అధికారంతో నడపాలి. అంటే ఒక సగటు కోసం కెర్నల్ జ్ఞాపకమంతా చదవగలిగే అధికారాన్ని ఇచ్చేయడం. వ్యవస్థలో ఏయే సదుపాయాలున్నాయో కంపైల్‌కు ముందే వెతికే ఆటోకాన్ఫ్‌లో లోడ్ యావరేజ్ కోసం ఉన్న పాత మాక్రో ఇలాంటి గ్రూపు అధికారం అవసరమా అని కూడా పరీక్షించేదంటే, ఆ పద్ధతి ఎంత మామూలైపోయిందో తెలుస్తుంది. ఆ మూలను తుడిచేసినందుకు ఎవరూ బాధపడలేదు.

డిక్లరేషన్ దొరకని చోట

గెట్‌లోడ్‌ఏవీజీ పోసిక్స్‌లో లేదు, సీ ప్రమాణంలోనూ లేదు. దీని ఫలితం మొదటి కంపైల్‌లోనే ఎదురైంది. మా నిర్మాణం కంపైలర్‌కు సీ99 ప్రమాణాన్ని ఖచ్చితంగా పాటించమని చెబుతుంది. అలా చెప్పినప్పుడు గ్లిబ్‌సీ హెడర్ ఈ ఫంక్షన్ డిక్లరేషన్‌ను దాచేస్తుంది. హెడర్లన్నిటికంటే ముందు డిఫాల్ట్ సోర్స్ అనే ఫీచర్ మాక్రోను నిర్వచిస్తేనే అది బయటపడుతుంది. పాత కంపైలర్లు డిక్లరేషన్ లేకపోతే హెచ్చరించి ఊరుకునేవి. ఫంక్షన్ తిరిగి ఇచ్చేది ఇంట్ కావడం వల్ల ప్రోగ్రాము అదృష్టవశాత్తు నడిచిపోయేది. 2024లో వచ్చిన జీసీసీ కంపైలర్ 14 ఆ హెచ్చరికను కంపైల్‌నే ఆపేసే ఎర్రర్‌గా మార్చింది, క్లాంగ్ కంపైలర్ అంతకు ముందే తన 16వ వెర్షన్‌లో మార్చింది. కాబట్టి "ఇన్నాళ్లూ కంపైల్ అయింది" అన్న మాట ఇక చెల్లదు. సొలారిస్‌లో డిక్లరేషన్ స్టడ్‌లిబ్ హెడర్‌లో ఉండదు, సిస్ డైరెక్టరీలోని లోడ్‌ఏవీజీ అనే హెడర్‌లో ఉంటుంది. అందుకే కాన్ఫిగర్ దశలో గుర్తు లైబ్రరీలో ఉందా అని మాత్రమే చూసే పరీక్షను తీసేసి, సరైన హెడర్‌తో, మా అసలు ఫ్లాగులతో ఒక చిన్న ప్రోగ్రామును కంపైల్ చేసి లింక్ చేసి చూసే పరీక్షను పెట్టాం.

గెట్‌లోడ్‌ఏవీజీయే దొరకని వ్యవస్థలు కొన్ని మిగిలాయి. ఆండ్రాయిడ్ బయోనిక్ లైబ్రరీలో ఈ ఫంక్షన్ ఏపీఐ 29 నుంచి మాత్రమే ఉంది. ఏఐఎక్స్ అనే యునిక్స్‌లో పర్ఫ్‌స్టాట్ లైబ్రరీ నుంచి మొత్తం సీపీయూ సమాచారపు స్ట్రక్చర్ తీసుకుని, అందులోని లోడ్ విలువలను, 1ని ఎస్‌బిట్స్ అనే స్థిరాంకం చెప్పినన్ని బిట్లు ఎడమకు జరిపితే వచ్చే సంఖ్యతో భాగించాలి. హెచ్‌పీ-యూఎక్స్ అనే మరో యునిక్స్‌లో పీస్టాట్ కుటుంబంలోని డైనమిక్ పిలుపు ఒకటి, అయిదు, పదిహేను నిమిషాల సగటులను నేరుగా దశాంశ సంఖ్యలుగానే ఇస్తుంది.

స్థిర బిందువు లెక్క

కెర్నల్‌లో దశాంశ గణితం వాడరు గనుక లోడ్ యావరేజ్ స్థిర బిందువు రూపంలో, అంటే ఒక స్థిర సంఖ్యతో హెచ్చించిన పూర్ణాంకంగా, ఉంటుంది. లినక్స్ లోపల 1.00 అంటే 2048. సుమారు అయిదు సెకన్లకు ఒకసారి, పాత సగటును ఒక గుణకంతో, ప్రస్తుత టాస్కుల సంఖ్యను మిగిలిన భాగంతో గుణించి కలుపుతారు. ఒక నిమిషానికి ఆ గుణకం 1884, అయిదు నిమిషాలకు 2014, పదిహేను నిమిషాలకు 2037. 1884ను 2048తో భాగిస్తే దాదాపు 0.92 వస్తుంది, అంటే అయిదు సెకన్ల క్రితం ఉన్న జ్ఞాపకంలో తొంభైరెండు శాతం మిగులుతుంది. ఇదే విలువను సిస్‌ఇన్ఫో అనే సిస్టమ్ కాల్ ద్వారా అడిగితే కెర్నల్ దాన్ని మరో అయిదు బిట్లు ఎడమకు జరిపి ఇస్తుంది, అక్కడ 1.00 అంటే 65536. మా బృందంలో ఒకరు కెర్నల్ సోర్స్ చదివి, అందులోని 2048తో సిస్‌ఇన్ఫో విలువను భాగించారు. పరీక్షలో లోడ్ 32 రెట్లుగా కనబడింది. ఆ తప్పు పెద్దది కావడం వల్ల వెంటనే దొరికింది. దానికి పక్కనే ఉన్న రెండోది అలా దొరకలేదు. భాగహారాన్ని పూర్ణాంకాల్లోనే చేసి, తర్వాత డబుల్‌గా మార్చడం వల్ల 98304 అనే విలువ 1.5 కావలసింది 1.0 అయింది. మళ్లీ అవే పూర్ణాంకాలు, మళ్లీ చుక్క తర్వాత సున్నాలు. ఈసారి మాత్రం గుర్తుపట్టడానికి మాకు నిమిషం పట్టలేదు.

కంటైనర్‌లో రెండు జవాబులు

సిస్‌ఇన్ఫోలో చదవవలసిన వచనం ఉండదు, లొకేల్ సమస్య రాదు, ప్రాక్ మౌంట్ కాని క్రూట్‌లో (ప్రోగ్రాముకు ఫైళ్ల చెట్టులో ఒక భాగాన్నే చూపే ఏర్పాటులో) కూడా పనిచేస్తుంది. అందుకే కొంతకాలం, లినక్స్‌లో గెట్‌లోడ్‌ఏవీజీ కంటే ఇదే మేలని వాదించాను. ఆ వాదన ఒక కంటైనర్ (ఒకే యంత్రంలో ప్రోగ్రాములను వేరుగా ఉంచి నడిపే పెట్టె లాంటిది) దగ్గర ఆగిపోయింది. ఒకే యంత్రంలో, ఒకే రకమైన రెండు కంటైనర్లలో ఒకే ఏజెంట్ రెండు రకాల లోడ్ చెప్పింది. ఒకటి గ్లిబ్‌సీతో, రెండోది మసల్ అనే మరో సీ లైబ్రరీతో కంపైల్ అయినవి. ఆ కంటైనర్లలో ఎల్‌ఎక్స్‌సీఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ప్రాక్ లోడ్‌ఏవీజీ ఫైలు మీద తన ఫైలును మౌంట్ చేసి, ఆ కంటైనర్ వరకే లెక్కగట్టిన లోడ్ చూపిస్తుంది. గ్లిబ్‌సీ ఫైలును చదువుతుంది గనుక కంటైనర్ లోడ్ చెప్పింది. మసల్ గెట్‌లోడ్‌ఏవీజీ లోపల సిస్‌ఇన్ఫోనే పిలుస్తుంది గనుక యంత్రం మొత్తం లోడ్ చెప్పింది. రెండూ నిజమే. ఒకే పేరుగల ఫంక్షన్ రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పింది, అంతే.

దీన్ని కోడ్‌లో సరిచేయవచ్చు: లినక్స్‌లో ఎప్పుడూ ఫైలునే ముందు చదవమని రాస్తే రెండూ ఒకటే చెబుతాయి. కానీ మేము అలా చేయలేదు. డిస్పాచర్ అడుగుతున్నది ఈ సీపీయూలు ఎంత తీరికగా ఉన్నాయని. దానికి జవాబు యంత్రం దగ్గర ఉంది, కంటైనర్ దగ్గర లేదు. ఏజెంట్‌ను కంటైనర్ల నుంచి బయటికి తెచ్చి నేరుగా యంత్రం మీద నడిపాం. దానితో పాటు, ఏ దారిలో విలువ వచ్చిందో తెలిపే ఒక చిన్న గుర్తును కూడా ప్రతి సందేశంలో చేర్చాం. నాకు తృప్తినిచ్చిన మార్పు అదే, ఎందుకంటే తర్వాత వచ్చిన ప్రతి వింత విలువకూ మొదటి ప్రశ్న "ఎక్కడి నుంచి వచ్చింది?" అనేదే అయింది.

అర్థం కూడా వ్యవస్థను బట్టి మారుతుంది. లినక్స్ నడవడానికి సిద్ధంగా ఉన్న టాస్కులతో పాటు, డిస్కు కోసమో అందని నెట్‌వర్క్ ఫైల్ సర్వర్ కోసమో లేపలేని నిద్రలో ఉన్న టాస్కులను కూడా కలుపుతుంది. 1993లో మథియాస్ ఉర్లిక్స్ పంపిన ప్యాచ్‌తో ఇది మొదలైంది. అందువల్ల ఫైల్ సర్వర్ పడిపోయిన లినక్స్ యంత్రంలో సీపీయూలు ఖాళీగా ఉండగానే లోడ్ ఎగబాకుతుంది. ఫ్రీబీఎస్‌డీలో అలా జరగదు. ఆ రెండు యంత్రాల సంఖ్యలను పక్కపక్కన పెట్టి పోల్చడం న్యాయం కాదని తేల్చుకుని, డిస్పాచర్‌లో ఒక్కో వ్యవస్థను ఒక్కో గుంపుగా విడదీశాం.

విండోస్‌లో లోడ్ యావరేజ్ అనేదే లేదు. ప్రాసెసర్ క్యూ పొడవు అనే కౌంటర్‌ను అయిదు సెకన్లకు ఒకసారి నమూనా తీసి, అదే సూత్రంతో సగటు గట్టే లైబ్రరీలు ఉన్నాయి. దానికి వెనకాల ఒక థ్రెడ్ ఎప్పుడూ నడుస్తుండాలి, మొదటి కొన్ని నిమిషాల విలువకు అర్థం ఉండదు. మా ఫంక్షన్ అక్కడ "లేదు" అని మాత్రమే చెబుతుంది.

ఇంటర్‌ఫేస్, పరీక్షలు

చివరికి మిగిలిన ఫంక్షన్ చిన్నది. అర్రేను సున్నాలతో నింపదు, పిలిచినవారు ఇచ్చిన అర్రేలో నిజంగా తెలిసిన విలువలనే రాస్తుంది, ఎన్ని రాసిందో చెబుతుంది. డిస్పాచర్ వైపు కూడా మార్పు అవసరమైంది: అయిదు నిమిషాల విలువ రాని యంత్రానికి కొత్త పని వెళ్లదు. సున్నా అంటే ఖాళీ, విలువ లేకపోవడమంటే తెలియదు. ఈ రెండింటికీ సందేశ ఫార్మాట్‌లో ఇంతకు ముందు వేర్వేరు చోటు లేదు.

పరీక్షలు రాయడం అనుకున్నంత సులువు కాలేదు. ఖాళీ యంత్రంలో ఆగని లూప్ ఒకటి నడిపి, నిమిషం తర్వాత ఒక నిమిషపు సగటు 1.00 రావాలని మొదటి పరీక్ష ఆశించింది, వచ్చింది 0.63. అది సరైన జవాబే. ఈ సగటు ఘాతాంకంగా తగ్గే జ్ఞాపకం గనుక ఒక నిమిషంలో గమ్యంలో 63 శాతం దూరమే చేరుతుంది, దాదాపు పూర్తిగా చేరడానికి అయిదు నిమిషాలు పడుతుంది. పరీక్షను 0.4 నుంచి 1.5 మధ్య ఉంటే చాలు అని మార్చాం, ఎందుకంటే ఖాళీ అని మనం అనుకునే యంత్రం ఎప్పుడూ పూర్తిగా ఖాళీగా ఉండదు.

లొకేల్ పరీక్ష మాత్రం మమ్మల్ని ఇంకోసారి మోసం చేసింది. ముందుగా సంఖ్యల లొకేల్‌ను జర్మన్‌కు మార్చి, తర్వాత లోడ్ చదివి, మూడు విలువలూ వచ్చాయా అని చూస్తుంది. మొదటి రోజు నుంచే అది నెగ్గింది. అనుమానం వచ్చి, తుడిచేసిన పాత కోడ్‌ను తెచ్చి పెట్టి నడిపితే అది కూడా నెగ్గింది. పరీక్షలు నడిచే కంటైనర్ ఇమేజ్ చాలా చిన్నది. అందులో జర్మన్ లొకేల్ అసలు లేదు. సెట్‌లొకేల్ శూన్య పాయింటర్ తిరిగి ఇచ్చి, ఏమీ మార్చకుండా వచ్చేసింది, దాన్ని మేము చూడలేదు. ఇమేజ్‌లో ఆ లొకేల్‌ను చేర్చి, శూన్యం వస్తే పరీక్ష ఓడిపోవాలని రాసి, పాత కోడ్‌ను మళ్లీ నడిపించాం. ఎఫ్‌స్కాన్‌ఎఫ్ 1 అని చెప్పింది, అర్రేలో 2, 0, 0 ఉన్నాయి.